ఎనిమిదో గీత

నవంబర్ 9, 2025, ఆదివారం
తుర్కయంజాల్, రాత్రి 10 గంటలు

మనవరాలు అన్నం సగంలోనే చెయ్యి కడుక్కుని పడుకుంది. పొద్దున చీకటితోనే లేచి కొడుకు కారులో బయల్దేరాం. బొంగుళూరు దగ్గర ఔటర్ ఎక్కి నగరానికి అటు చివర పోటీ జరిగే చోటికి చేరాం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్. 75 నిమిషాల్లో 60 దెబ్బలు కొట్టాలి. ఎలక్ట్రానిక్ టార్గెట్లు కాబట్టి ప్రతి దెబ్బా పక్కనున్న తెర మీద పడుతుంది, వెనక కూర్చున్న మాకూ కనిపిస్తుంది.

36 దెబ్బల దాకా పది చుట్టూనే తిరిగింది. 10.2, 10.4, 9.9, 10.1. ముప్పై ఏడోది 8.4. పిల్ల తల ఎత్తి తెరను చూసింది. కొంచెంసేపు అట్లాగే నిలబడింది. మళ్ళీ రైఫిల్ ఎత్తి ముప్పై ఎనిమిదోది కొట్టింది. 10.3. చివరికి మూడో స్థానానికి 0.9 తక్కువైంది.

పోటీ అయ్యాక తర్వాతి బ్యాచ్‌కి ముందు ఆ లేన్‌లో కాగితం రోల్ మార్చడం నా కళ్ళతో చూశాను. దెబ్బ దెబ్బకూ జరగాల్సిన కాగితం కదలక ఆగిపోయిందని ఎవరో అంటున్నారు. ఎప్పటి నుంచి ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ 8.4 పిల్ల కొట్టిందో, మిషన్ తప్పు చూసిందో ఇప్పుడు తేల్చే దారి లేదు.

31 ఏళ్ళు కార్ఖానాలో గేజ్ రూమ్‌లో పనిచేసినవాణ్ణి. కొలతలో తప్పు ఉందని తెలిస్తే సరిచేయొచ్చు. తప్పు ఉందో లేదో తెలియని స్థితి మాత్రం చాలా చెడ్డది. ఇవ్వాళ పిల్ల దాన్ని వెంటబెట్టుకుని పడుకుంది.

నవంబర్ 10, సోమవారం

బడికి వెళ్ళే ముందు అడిగాను. "ఆ 8.4కు చెయ్యి లేపలేదేంది బిడ్డా?"

"రెండు పాయింట్లు కోస్తరేమో అని భయమైంది తాతా. మంచిగ కొట్టిన్నని నాకు అనిపించింది. కానీ అనిపించుడు వేరు గద."

పద్నాలుగేళ్ళ పిల్ల నోట వచ్చిన మాట. మధ్యాహ్నం అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాలు తీసి చదివాను. పిల్ల భయం ఉత్తది కాదు. దెబ్బ విలువ మీద అభ్యంతరం ఉంటే తర్వాతి దెబ్బ కొట్టకముందే చెప్పాలి. ఆఖరి దెబ్బ అయితే మూడు నిమిషాల్లోపు. అప్పుడు పోటీ చివర ఇంకో దెబ్బ కొట్టిస్తారు. అభ్యంతరం నిజమని తేలి, అసలు విలువ కనుక్కోలేకపోతే ఈ అదనపు దెబ్బను లెక్కలోకి తీసుకుంటారు. అభ్యంతరం తప్పని తేలితే రెండు పాయింట్లు కోత.

మొదట ఇది అన్యాయంగా తోచింది. కాసేపు ఆలోచిస్తే అర్థమైంది. కోత లేకపోతే నచ్చని ప్రతి దెబ్బకూ చేతులు లేస్తాయి, పోటీ సాగదు. తర్వాతి దెబ్బకు ముందే చెప్పాలనడంలోనూ న్యాయముంది. ఇంకో పెల్లెట్ వెళ్ళిందంటే కాగితం మీద సాక్ష్యం కలిసిపోతుంది. నియమం బాగానే ఉంది. దాన్ని వాడుకునే ధైర్యాన్ని మేమే పిల్లకు నేర్పలేదు. రైఫిల్ కొనిచ్చాం, బిగుతైన జాకెట్ కుట్టించాం. చెయ్యి ఎత్తడం మాత్రం నేర్పలేదు.

నవంబర్ 13, గురువారం

సాయంత్రం పిల్ల బడి నుంచి రాగానే డాబా మీదికి తీసుకెళ్ళాను. సుద్దముక్క, తాడు, మేకు, టేపు. టార్గెట్‌ను నూరు రెట్లు పెంచి గచ్చు మీద గీద్దామన్నాను.

ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. పెన్ను మొనతో ఒకసారి తాకిస్తే పడేంత. తొమ్మిదో వలయం అడ్డంగా 5.5 మిల్లీమీటర్లు, ఎనిమిదోది 10.5. అట్లా ఒక్కో వలయానికీ అయిదు మిల్లీమీటర్లు పెరుగుతూ ఒకటో వలయం 45.5 దగ్గర ఆగుతుంది. డాబా మీద పది చుక్క అయిదు సెంటీమీటర్లు వచ్చింది, రొట్టె పిండి ఉండంత. తొమ్మిది 55 సెంటీమీటర్లు. ఎనిమిది మీటరు దాటింది.

ఇప్పుడు పెల్లెట్ కావాలి. దాని అడ్డుకొలత 4.5 మిల్లీమీటర్లు కాబట్టి ఇక్కడ 45 సెంటీమీటర్లు. వంటింట్లోని పిండి జల్లెడ చాలలేదు. మా వీధిలో ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు లేస్తూనే ఉంటుంది కాబట్టి పక్క ప్లాటులో పనిచేస్తున్న మేస్త్రి దగ్గర గుండ్రటి ఇసుక జల్లెడ అడిగి తెచ్చాం. కొలిస్తే 46. సరిపోతుంది.

జల్లెడను చుక్క మీద పెట్టగానే చుక్క మాయమైంది. పిల్ల నోరు తెరిచింది. "తాతా, టెన్ ఏది? కనిపిస్తలేదు!"

ఇన్నాళ్ళుగా ఆడుతున్నా అప్పుడే తెలిసింది దానికి. పెల్లెట్ ముందు పది ఎంత చిన్నదో. జల్లెడ అంచు చుక్క అంచును తాకితే చాలు, 10.0. జల్లెడ మధ్యబిందువు సరిగ్గా చుక్క మధ్యకు వస్తే 10.9. ఆ రెంటికీ నడుమ పాయింటులో ఒక్కో పదో వంతుకీ జల్లెడను రెండున్నర సెంటీమీటర్లు జరపాలి, వేలు వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. అసలు టార్గెట్‌లో అది 0.25 మిల్లీమీటరు. మామూలు తెల్లకాగితాలు రెండున్నర పేర్చితే వచ్చే మందం.

దీపాలు పెట్టే వేళ దాకా జల్లెడను అటూ ఇటూ జరుపుతూ "ఇది ఎంత, ఇది ఎంత" అని ఆడుకున్నాం. ఆదివారం తర్వాత పిల్ల నవ్వడం ఇదే మొదలు.

నవంబర్ 15, శనివారం

మా కాలనీలో రెండిళ్ళ వాళ్ళు నడిమి గోడ మీద మూడు నెలలుగా గొడవపడుతున్నారు. ఇవ్వాళ నన్ను పిలిచారు. ఇద్దరి చేతుల్లోనూ టేపులున్నాయి. ఒకరిది పాతది, మొన దగ్గర కొక్కెం సాగిపోయింది. రెంటితో కొలిస్తే తేడా వేలెడు వచ్చింది. "ఏ టేపైనా ఒక్కదానితోనే రెండు ప్లాట్లూ కొలవండి" అని చెప్పి వచ్చేశాను. టేపు కొంచెం తప్పైనా ఇద్దరికీ ఒకే తప్పు పడుతుంది, వాటా మారదు.

వస్తూ షూటింగ్ గురించే ఆలోచించాను. కొన్ని ఎలక్ట్రానిక్ టార్గెట్లు పెల్లెట్ చప్పుడును మైకులతో పట్టి, ఏ మైకుకు ఎంత ముందు చేరిందో చూసి చోటు లెక్కగడతాయి. మామూలు వేడిలో ధ్వని వేగం సెకనుకు 346 మీటర్ల దరిదాపు. ఆ లెక్కన 0.25 మిల్లీమీటరు దాటడానికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. గది వేడి ఒక డిగ్రీ మారితే ధ్వని వేగం సుమారు 0.6 మీటర్లు మారుతుంది కాబట్టి వేడినీ లెక్కలోకి తీసుకోవాలి. కొన్ని టార్గెట్లలో చప్పుడుతో పని లేదు, కంటికి కనిపించని కాంతి కిరణాల వల పరిచి పెల్లెట్ నీడను పట్టుకుంటాయి. ఏ పద్ధతి అయినా పాయింటులో పదో వంతుకు సగం, అంటే 0.125 మిల్లీమీటరు దాకా తేడా పట్టగలగాలని నియమం.

కచ్చితత్వం వేరు, న్యాయం వేరు. గది వేడి లెక్క తప్పితే ఆ తప్పు అన్ని లేన్లకూ పడుతుంది. స్కోర్లు చెడతాయి, వరస పెద్దగా చెడదు. ఒక్క లేన్‌లో కాగితం కదలకపోతే ఆ తప్పు ఒక్క పిల్ల నెత్తిన పడుతుంది. మిగతా అన్నీ సూది మొనంత కచ్చితంగా ఉన్నా పోటీ అన్యాయమే అవుతుంది. అందరికీ పడే తప్పు కన్నా ఒక్కరికే పడే తప్పు పెద్దది. ఇది గేజ్ రూమ్‌లో మా పెద్దలు నేర్పిన పాఠం. షూటింగ్‌కూ అదే వర్తిస్తుంది.

నవంబర్ 18, మంగళవారం

పేపర్లో మన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ ఫొటో. వినికిడి లోపం ఉన్నవాళ్ళకు జరిగే టోక్యో డెఫ్‌లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం, ఫైనల్లో 252.2. రజతం కూడా మనవాడికే, మహమ్మద్ ముర్తజా వానియాకు. 2022లో బ్రెజిల్‌లోని కాషియస్ దో సుల్‌లో ధనుష్ గెలిచినప్పుడు ఫైనల్ స్కోరు 247.5.

పిల్లను కూర్చోబెట్టి లెక్క చేయించాను. ఫైనల్లో 24 దెబ్బలు. 252.2ను 24తో భాగిస్తే 10.5 దాటింది. అంటే సగటున పెల్లెట్ మధ్యబిందువు లక్ష్యం మధ్య నుంచి మిల్లీమీటరుంపావు లోపలే పడింది. మా డాబా లెక్కలో జానెడు కూడా కాదు.

డెఫ్‌లింపిక్స్‌లో ఇంకో నియమం ఉంది. మంచి చెవిలో కనీసం 55 డెసిబెల్స్ వినికిడి లోపం ఉన్నవాళ్ళకే ప్రవేశం. పోటీ సాగినంతసేపూ వినికిడి యంత్రాలు తీసేయాలి. ఎవరి యంత్రం ఖరీదైనదన్న తేడా అక్కడ పనిచేయదు, అందరికీ ఒకే నిశ్శబ్దం. దాని నడుమ నిలబడి మన కుర్రాడొకడు సగటున పదిన్నర దాటించాడు. పిల్ల ఆ ఫొటో కత్తిరించి పుస్తకాల అలమార తలుపుకు అంటించింది.

నవంబర్ 20, గురువారం

కార్తీక అమావాస్య. కోడలు దీపాలు సర్దుతుంటే పిల్ల నా పక్కన చేరింది. "గగన్ నారంగ్ సార్ కథ చెప్పు తాతా" అంది.

ఆయనా హైదరాబాద్‌లో పెరిగినవాడే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఇదే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 600కు 595 కొట్టాడు. ఫైనల్‌కు ఎనిమిది మంది. ఎనిమిదో చోటుకు సమానంగా నిలిచి, కౌంట్‌బ్యాక్‌లో, అంటే చివరి సిరీస్ నుంచి వెనక్కి పోల్చే లెక్కలో, తొమ్మిదోవాడయ్యాడు. అదే రోజు 596తో ఫైనల్‌కు వెళ్ళిన అభినవ్ బింద్రా 700.5తో స్వర్ణం తెచ్చాడు. రెండేళ్ళకు ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో నారంగ్ 600కు 600 కొట్టాడు. 2012 లండన్‌లో 598తో ఫైనల్‌కు చేరి, అక్కడ 103.1 కలిపి 701.1తో కాంస్యం గెలిచాడు. స్వర్ణం రుమేనియాకు చెందిన మోల్డొవెనుది, 702.1.

అప్పట్లో అర్హత రౌండ్లో పది అంటే పదే. చుక్కను అంచుతో రాసుకుపోయినా పది, నడిమధ్య కొట్టినా పది. పాయింటు వంతులు ఫైనల్‌కే పరిమితం. 595 కొట్టిన ఇద్దరిలో ఎవరి పెల్లెట్లు నడిమికి దగ్గరగా పడ్డాయో ఆ సంఖ్య చెప్పదు. 2013 నుంచి అర్హత రౌండ్లోనూ ఎయిర్ రైఫిల్‌కు పాయింటు వంతులు లెక్కేస్తున్నారు. 60 దెబ్బలకు గరిష్ఠం 600 నుంచి 654 అయింది. ఫైనల్ సున్నా నుంచి మొదలవుతుంది. సూక్ష్మంగా కొలవగలిగినప్పుడు సూక్ష్మంగానే కొలవాలి. ఆ మార్పు న్యాయమైందని నా గట్టి నమ్మకం.

పిల్ల ఇంకా అడిగితే ఇంకో రెండు చెప్పాను. 2004 ఏథెన్స్‌లో అమెరికాకు చెందిన మ్యాట్ ఎమన్స్ మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉండి ఆఖరి దెబ్బను పక్క లేన్ టార్గెట్ మీద కొట్టాడు. ఆ దెబ్బ 8.1 విలువైంది. తన టార్గెట్ మీద లేదు కాబట్టి సున్నా. స్వర్ణం జారి ఎనిమిదో స్థానం. ఎంత గొప్పవాడన్నది ఎవరూ చూడలేదు, నియమం ఎవరికైనా ఒక్కటే.

రెండోది 1976 మాంట్రియల్. అప్పుడు ఆడా మగా కలిసే పోటీ పడేవారు. 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల్లో లానీ బాషమ్‌కు, మార్గరెట్ మర్డాక్‌కు ఇద్దరికీ 1162 పాయింట్లు. టార్గెట్లు మళ్ళీ పరిశీలించి స్వర్ణం బాషమ్‌కు ఇచ్చారు. ఇద్దరికీ స్వర్ణం ఇవ్వమని ఆయన అడిగితే ఒప్పుకోలేదు. జాతీయ గీతం మోగుతుండగా బాషమ్ ఆమె చెయ్యి పట్టి పై మెట్టు మీదికి తెచ్చుకున్నాడు.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ సార్ మంచోడు తాతా" అంది.

నవంబర్ 23, ఆదివారం

పక్క ఊళ్ళో పిల్లల పోటీ. ఎలక్ట్రానిక్ టార్గెట్లు లేవు, కాగితం కార్డులే. స్కోరింగ్ బల్ల దగ్గర మనుషులు చాలడం లేదని కోచ్ సార్ నన్ను పిలిచారు. నిన్న దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి కళ్ళద్దాల దుకాణంలో మంచి భూతద్దం కొన్నాను. మా పిల్ల ఉన్న బ్యాచ్ కార్డులు నా బల్ల మీదికి రానివ్వకూడదని ముందే చెప్పాను. కార్డుల వెనక పేరు రాయొద్దని, నంబరు మాత్రమే వేయమని ఇంకో మాట. సార్ రెండింటికీ ఒప్పుకున్నారు.

కార్డు 8 సెంటీమీటర్ల చదరం. కార్డుకు ఒక్క దెబ్బే. మూడొందల దాకా కార్డులు చూసి ఉంటాను. ఎక్కువ వాటికి కన్ను చాలు. గీతను తాకిందా లేదా అన్న అనుమానం వచ్చినవాటికే గేజ్.

ఒక కార్డు గురించి ఇక్కడ రాసి తీరాలి. చిల్లు చుక్కకు కుడి పక్కన. నా కంటికి అది పది. ముప్పై ఏళ్ళు కొలతలు చూసిన కన్ను గట్టిగా పది అంది. అయినా గేజ్ తీశాను. చిన్న ఇనుప పుల్ల, దాని చుట్టూ 5.5 మిల్లీమీటర్ల పలచని అంచు. కార్డును బల్ల మీద అడ్డంగా పరిచి, నిలువుగా, నెమ్మదిగా దింపాలి. ఒక్కసారే దింపాలి. రెండోసారి దింపితే చిల్లు సాగిపోతుంది, సాక్ష్యం చెడుతుంది.

పది అవునా కాదా అని తేల్చడానికి పది చుక్కను చూడరు. చుక్కను పెల్లెట్ చీల్చేసి ఉంటుంది, లేదా అంచు చిరిగి మసకబారి ఉంటుంది. అందుకే గేజ్ అంచును ఎనిమిదో వలయం గీతతో పోలుస్తారు. అంచు ఆ గీత దాటకపోతే పది, దాటితే తొమ్మిది. కొలతలు అట్లా కుదిర్చి చేసిన గేజ్ అది. చెరిగిపోయిన గీత దగ్గర వాదించకుండా, ఇంకా చెక్కుచెదరని గీతను సాక్షిగా పిలవడం. ఈ ఏర్పాటు చేసిన మనిషెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

భూతద్దం వంచాను. గేజ్ అంచు ఎనిమిదో గీతను వెంట్రుకంత దాటి ఉంది. తొమ్మిది. పక్కన కూర్చున్న మేడమ్‌నూ చూడమన్నాను. ఆమె కూడా తొమ్మిదే అంది. రాసి ఇద్దరం సంతకం పెట్టాం. అది ఎవరి కార్డో నాకు తెలియదు. ఇంటికొచ్చాక పిల్ల అడిగినా అదే చెప్పాను. నా కన్ను ఇవ్వబోయిన పాయింటు ఆ కార్డు కొట్టిన పిల్లది కాదు. పేరు తెలిసి ఉంటే, తెలిసినవాళ్ళ పిల్లై ఉంటే, గేజ్ తీసేవాణ్ణా అని నన్ను నేనే అడిగాను. జవాబు చెప్పే ధైర్యం చాలలేదు. అందుకే పేర్లు కప్పాలి.

నవంబర్ 30, ఆదివారం

మళ్ళీ ఎలక్ట్రానిక్ పోటీ. ఇరవై రెండో దెబ్బ 8.9. పిల్ల తెరను చూసింది, రైఫిల్ దించింది. చెయ్యి ఎత్తింది.

నా గుండె ఆగినంత పనైంది. అధికారి వచ్చారు. పిల్ల మెల్లగా ఏదో చెప్పింది. ఆయన రాసుకుని కొనసాగించమన్నారు. అరవై అయ్యాక అదనంగా ఒకటి కొట్టించారు. జ్యూరీ వాళ్ళు కాగితం పట్టీ, వెనక పెట్టిన కంట్రోల్ షీట్ తీసి పరిశీలించారు. కాగితం సరిగ్గానే కదిలింది. చిల్లు తెర చూపించిన చోటే ఉంది. మిషన్ చెప్పింది నిజం. రెండు పాయింట్ల కోత.

పిల్ల పదకొండో స్థానానికి జారింది. కారులో వెనక సీట్లో దాని మొహం చూడలేక నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. ఔటర్ దిగి సాగర్ రోడ్డు ఎక్కాక అదే అంది. "మిషన్ కరెక్టే తాతా. నేనే కదిలిన. ట్రిగ్గర్ కాడ తొందర పడ్డ."

ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకుంది. తొమ్మిదింటికల్లా నిద్రపోయింది. ఆ 8.4 అనుమానంతో మూడు వారాలు సరిగా పడుకోని పిల్ల, రెండు పాయింట్లు పోగొట్టుకున్న రాత్రి హాయిగా పడుకుంది.

డిసెంబర్ 1, సోమవారం

ఈ మూడు వారాల్లో నాకు తేలింది రాసిపెట్టుకుంటున్నాను. ఓడినవాడికి కూడా తన స్కోరు మీద నమ్మకం కుదిరితే అది న్యాయమైన పోటీ. గెలిచినవాడి సంతోషాన్ని కొలతబద్ద చేసుకోకూడదు.

పిల్లల పోటీలు నడిపే పెద్దలందరికీ నా విన్నపం ఇది. ప్రతి బ్యాచ్‌కీ ముందు ప్రతి లేన్‌లో కాగితం కదులుతోందో లేదో చూడండి. కార్డుల మీద పేర్లు కప్పండి. సొంతవాళ్ళ కార్డుల దగ్గర కూర్చోకండి. అనుమానం వస్తే కన్నును నమ్మకుండా గేజ్ తీయండి. కోచ్‌లు, తల్లిదండ్రులు పిల్లలకు గురి నేర్పిన రోజే చెయ్యి ఎత్తడం కూడా నేర్పండి. తప్పని తేలితే రెండు పాయింట్లు పోతాయి, పోనివ్వండి. అడగకుండా మిగిలిపోయిన అనుమానం ఖరీదు అంతకన్నా ఎక్కువ.

డాబా మీద గీసిన వలయాలు మొన్నటి మంచుకు చెరిగిపోతున్నాయి. సాయంత్రం ఎనిమిదో గీతను మళ్ళీ దిద్దాలి.